చిన్న వీడియోలకు సంగీతము: ఉచితమైనదా, వెలయిచ్చినదా?

మాటకంటె పాట త్వరగా మనసును చేరును. ఒక నిమిషమునకు మించని వీడియోనైనను సంగీతము లేక చూపినచో చూచువారు సగములోనే విడిచిపోవుదురు. అందువలన నేడు చేతిలో ఫోనున్న ప్రతి విద్యార్థియు రీలు చేయునపుడు మొదట వెదకునది పాటనే. ఆ పాట ఎవరిది? దానిని వాడుకొనుటకు మనకు అధికారము ఎట్లు వచ్చినది? అను ప్రశ్నలు మాత్రము మనలో అనేకులకు తోచవు. మాకును తోచలేదు. అందుచే కలిగిన నష్టమును, ఆ నష్టమువలన నేర్చుకొన్న సంగతులను మన పత్రిక చదువరులకు తెలుపుట మంచిదని తలచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

గత సంవత్సరము వార్షికోత్సవమునాడు తొమ్మిదవ తరగతి బాలికలు ఒక సినిమాపాటకు కోలాటము వేసిరి. సభలోని తల్లిదండ్రులందఱు మిక్కిలి సంతోషించిరి. ఆ కోలాటములో కొంత భాగమును మేము వీడియోగా తీసి, బాలికల వసతిగృహమునందలి వంటశాల కప్పును బాగుచేయుటకై పూర్వవిద్యార్థులకు ఒక విజ్ఞప్తిని దాని చివర చేర్చి, ఆ రాత్రియే ఇన్‌స్టాగ్రామునందును యూట్యూబునందును ఉంచితిమి. మఱునాడు ఉదయమున చూడగా ఒకచోట వీడియోకు శబ్దమే లేదు. రెండవచోట, పాట హక్కుదారులు క్లెయిము చేసినారని నోటీసు వచ్చియున్నది. బాలికలు మూగగా కోలాటము వేయుచున్నారు. విజ్ఞప్తి చదివిన విద్యార్థిని పెదవులు కదలుచున్నవి కాని, ఆమె యేమి కోరుచున్నదో విన్నవారు లేరు.

పిమ్మట మేము ఆ పాటను తీసివేసి, "ఉచితము" అని వ్రాసియున్న ఒక చోటనుండి వేణుగానము నొకదానిని దించుకొని చేర్చితిమి. నాలుగు మాసములు గడచిన తరువాత దానికిని క్లెయిము వచ్చెను. ఆ గానమును ఉచితముగా పంచిపెట్టినవాడు దానికి యజమానుడే కాడట! సొమ్మొకడిది, సోకొకడిది అని పెద్దలు చెప్పిన సామెత మా పట్ల రెండుమార్లు నిజమైనది. అప్పుడు గాని మేము ఈ విషయమును చదివి తెలిసికొనుటకు పూనుకొనలేదు.

1. ఒక పాటకు యజమానులు పలువురు

పాట యొక్కటియే అయినను చట్టము దానిని పలు వస్తువులుగా చూచును. మన దేశమున 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము ప్రకారము సాహిత్యము గీతకర్తది, స్వరరచన సంగీతకర్తది, ధ్వనిముద్రణము దానిని చేయించిన నిర్మాతది. పాడినవారికిని వాయించినవారికిని ప్రదర్శకుల హక్కు వేఱుగా కలదు. ఒక వీడియోకు పాటను చేర్చితిమన్న ఈ హక్కులన్నిటిని ఒక్కసారిగా తాకితిమన్నమాట.

ఈ హక్కులకు కాలపరిమితియు వేర్వేఱుగ నున్నది. సాహిత్యమునకును స్వరమునకును కర్త జీవితకాలమును, ఆతడు మరణించిన మఱు సంవత్సరాదినుండి 60 సంవత్సరములును హక్కు నిలుచును. ధ్వనిముద్రణమునకు, అది వెలువడిన మఱు సంవత్సరాదినుండి 60 సంవత్సరములు. ప్రదర్శకుని హక్కు 50 సంవత్సరములు. దీనికి మన కందఱకు తెలిసిన యుదాహరణము నొకదానిని చూపుదుము. మాయాబజార్ చిత్రము 1957లో వెలువడినది. ఆ సంవత్సరము వెలువడిన ధ్వనిముద్రణముయొక్క హక్కు మన దేశమున 2017 డిసెంబరుతో ముగిసినది. ఇంతమాత్రముచే "పాత పాట, అందఱిది" అని తలచినచో పొరపాటు. ఆ పాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావుగారు 1971లో గతించిరి. కావున సాహిత్యపు హక్కు 2031 చివరవఱకు నుండును. సంగీతము కూర్చిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు 1974లో గతించిరి. వారి స్వరముల హక్కు 2034 చివరవఱకు నుండును. ఒక గదికి తాళము తీసినంతమాత్రమున ఇల్లంతయు తెఱచినట్లు కాదు గదా!

కీర్తనల విషయమునను ఇట్టి మెలకువ కావలెను. త్యాగరాజస్వామి 1847లో సిద్ధిపొందిరి. వారి కృతుల సాహిత్యమును స్వరమును నేడు లోకమంతటివి. అన్నమాచార్యులవారు 1503లో దివంగతులైరి. వారి పదములు రాగిరేకులపై తిరుమలలో దొరకినవి. రేకులపై రాగముల పేరులున్నవి గాని స్వరలిపి లేదు. అందుచే నేడు మనము వినుచున్న పెక్కు అన్నమయ్య కీర్తనల స్వరములు ఇరువదవ శతాబ్దపు విద్వాంసులు కూర్చినవి. అట్లు కూర్చినవారిలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు 1979లోను, నేదునూరి కృష్ణమూర్తిగారు 2014లోను కాలధర్మము నొందిరి. పదము అయిదువందల యేండ్లనాటిదైనను మెట్టు మన కాలపుది. మొదటివారి మెట్లకు 2039 చివరవఱకును, రెండవవారి మెట్లకు 2074 చివరవఱకును హక్కు కలదు. ఇక త్యాగరాజ కృతినే యైనను, నేటి గాయకుడు పాడిన రికార్డును తీసికొన్నచో ఆ రికార్డు హక్కు వేఱుగ నుండును.

2. చట్టము బడికిచ్చిన సదుపాయము

మఱి సభలో కోలాటము వేసినప్పుడు ఎవరును అడ్డుచెప్పలేదేమి యని మీరు అడుగవచ్చును. దానికి చట్టముననే సమాధానమున్నది. ఆ చట్టపు 52వ సెక్షను, విద్యాలయ కార్యక్రమములలో ఉపాధ్యాయులును విద్యార్థులును సాహిత్యమును, నాటకమును, సంగీతమును ప్రదర్శించుటను నేరముగా నెంచదు. ధ్వనిముద్రణమును వినిపించుటకును అనుమతి కలదు. కాని వినువారు ఉపాధ్యాయులు, విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, సంరక్షకులు, విద్యాలయ కార్యములతో సంబంధముగలవారు మాత్రమే అయియుండవలెను. ఈ సదుపాయము మన సభామంటపపు గోడలవఱకే. వీడియోను లోకమంతయు చూచు చోట నుంచితిమా, ఆ గోడ దాటితిమి. మేము చేసిన తప్పు కోలాటమున లేదు. ఆ రాత్రి ఫోనుపై మేము నొక్కిన మీటయందున్నది.

తెలిసి హక్కును భంగపఱచినవారికి 63వ సెక్షను ప్రకారము ఆఱు మాసములనుండి మూడు సంవత్సరములవఱకు కారాగారమును, 50,000 రూపాయలనుండి 2,00,000 రూపాయలవఱకు జరిమానాయు విధింపవచ్చును. వ్యాపారలాభమునకై చేయనిచో న్యాయస్థానము కారణములు వ్రాసి శిక్షను తగ్గింపవచ్చును. ఇట్టి శిక్షలకు విద్యార్థులు గుఱియగుట అరుదు. కాని చట్టము ఈ విషయమును ఎంత గట్టిగా పట్టినదో తెలిసియుండుట మేలు.

ఇక నోటీసు మాట. యూట్యూబువారు 2007వ సంవత్సరమునుండి కంటెంట్ ఐడి అను యంత్రసాధనమును నడుపుచున్నారు. హక్కుదారులు తమ పాటలను దానికి ముందుగా అప్పగింతురు. క్రొత్తగా వచ్చిన ప్రతి వీడియోను ఆ యంత్రము వానితో పోల్చి చూచును. సరిపోయినచో హక్కుదారుని యిష్టానుసారము వీడియోను ఆపుటయో, దానిపై వచ్చు ప్రకటనల ఆదాయమును ఆతనికి పంపుటయో, ఎందఱు చూచిరో లెక్కించి చెప్పుటయో జరుగును. దీనిని క్లెయిము అందురు. స్ట్రైకు అనునది ఇంతకంటె కఠినమైనది. హక్కుదారుడు చట్టప్రకారము వీడియోను తొలగింపుమని కోరినప్పుడు అది పడును. తొంబది దినములలో మూడు స్ట్రైకులు పడినచో ఛానలే పోవచ్చును.

3. ఉచిత సంగీతము: నాలుగు తెఱగులు

ఉచితమను మాట యొక్కటియే యైనను దానిలో నాలుగు తెఱగులున్నవి.

మొదటిది, ఇన్‌స్టాగ్రాము మున్నగు చోట్ల రీలు చేయునపుడు అచ్చటనే దొరకు పాటల భాండారము. ఇందు క్రొత్త సినిమాపాటలు సైత ముండును. ఇది అన్నసత్రమువంటిది. సత్రములో కూర్చుండి తినవచ్చును, మూటగట్టుకొని పోరాదు. ఇన్‌స్టాగ్రామున చేసిన రీలును దించుకొని యూట్యూబునందు పెట్టినచో ఆ అనుమతి మనవెంట రాదు. మఱియొక సంగతి యేమన, ఆ అనుమతి స్వంత వినోదమునకే. వ్యాపారమునకు గాని, స్వంతము కాని యితర ప్రయోజనములకు గాని వేఱుగా లైసెన్సు లేనిదే సంగీతమును వాడరాదని మెటా సంస్థ నియమములలో స్పష్టముగా నున్నది. పిల్లలను చేర్పించుడని పిలుచు బడి వీడియో, చందా కోరు విజ్ఞప్తి, అంగడి ప్రకటన, ఇవియేవియు స్వంత వినోదములు కావు.

రెండవది, ఆ సంస్థలే ఎల్లవారి యుపయోగమునకై ఉంచిన ఉచిత సంగ్రహములు. యూట్యూబువారి ఆడియో లైబ్రరీ 2013లో వచ్చినది. ఫేస్‌బుక్కునకును ఇన్‌స్టాగ్రామునకును మెటావారి సౌండ్ కలెక్షను కలదు. ఇందు ప్రసిద్ధములైన పాటలు దొరకవు, వాద్యసంగీతమే హెచ్చు. కాని నిశ్చింతగా వాడుకొనవచ్చును. ఆడియో లైబ్రరీలోని కొన్నిటికి మాత్రము కర్త పేరును వీడియో వివరణములో చెప్పవలయునను నియమమున్నది. ఏ యింటి సంగ్రహమును ఆ యింటనే వాడుట క్షేమము.

మూడవది, క్రియేటివ్ కామన్సు లైసెన్సులు. ఈ పేరుగల సంస్థ 2001లో అమెరికాలో ఏర్పడి, 2002లో తన మొదటి లైసెన్సులను ప్రకటించెను. కర్త తన హక్కును వదలుకొనకయే, ఇట్టి షరతులపై వాడుకొనుడని లోకమునకు ముందుగానే చెప్పుట వీని యుద్దేశము. వీనిని చదువునపుడు చిన్న అక్షరములను శ్రద్ధగా చూడవలెను. బి-వై అని యున్నచో కర్త పేరు చెప్పిన చాలును. ఎన్-సి అని యున్నచో వ్యాపారమునకు పనికిరాదు. ఎస్-ఎ అని యున్నచో మన వీడియోను కూడ అదే లైసెన్సుపై లోకమునకు విడువవలెను. ఎన్-డి అని యున్నచో మార్పు చేయరాదు. సంగీతమును కదలు బొమ్మలకు కాలానుగుణముగా జతపఱచుటయే ఒక మార్పు అని ఆ లైసెన్సుల నిర్ణయము. కావున ఎన్-డి గల సంగీతము వీడియోకు పనికిరాదు. ఈ ఒక్క సంగతి తెలియక తప్పు చేయువారు పెక్కుమంది. సి-సి-జీరో అని యున్నచో కర్త తన హక్కులను చట్టము అనుమతించినంతవఱకు వదలుకొనినాడని యర్థము. అమెరికా స్వరకర్త కెవిన్ మక్లియడ్ తన వాద్యరచనలను అసంఖ్యాకముగా బి-వై లైసెన్సుపై ఇచ్చియుండుటచే, ఆయన పేరు లోకమందలి వేలకొలది వీడియోల క్రింద కానవచ్చుచున్నది.

నాలుగవది, హక్కుకాలము తీఱిన సంగీతము. దీనిని గూర్చి పైన చెప్పియుంటిమి. ఇచ్చట ఒక కథ చెప్పుట యుక్తము. మనమందఱము పుట్టినరోజున పాడుకొను ఆంగ్ల గీతపు మెట్టు, అమెరికాలోని కెంటకీ రాష్ట్రమునకు చెందిన మిల్డ్రెడ్ హిల్, పాటీ హిల్ అను అక్కచెల్లెండ్రది. బడిపిల్లలు ఉదయమున పాడుటకై వారు కూర్చిన ఆ పాట 1893లో అచ్చయినది. పిమ్మట ఆ మెట్టుపై పుట్టినరోజు మాటలు వచ్చినవి. ఒక ప్రచురణసంస్థ ఆ గీతము తమదేయని అనేక సంవత్సరములు రుసుము వసూలుచేయుచుండెను. ఆ గీతమును గూర్చి చిత్రము తీయుచున్న ఒకామె 1,500 డాలర్లు చెల్లించి, తరువాత న్యాయస్థానమున ప్రశ్నించెను. సంస్థవారికి ఆ మాటలపై హక్కు లేదని 2015లో తీర్పు వచ్చినది. 2016లో 140 లక్షల డాలర్లకు రాజీ కుదిరినది. దీనివలన తెలియున దేమన: ఉచితమని చెప్పినవాడెల్ల దాత కానట్లే, రుసుమడిగినవాడెల్ల యజమానుడు కాడు. రెండువైపుల విచారింపవలెను.

4. వెలగల సంగీతము

వెలయిచ్చి కొను సంగీతమున మూడు మార్గములున్నవి. నెలకో యేటికో చందా కట్టి కావలసినన్ని పాటలు వాడుకొనుట ఒకటి. స్వీడను దేశమున 2009లో స్థాపింపబడిన ఎపిడెమిక్ సౌండు ఇట్టిది. ఇచ్చట మన ఛానలును వారికి తెలియజేయవలెను; అప్పుడు క్లెయిములు రాకుండ చూతురు. చందా నడచుచున్న కాలమున ప్రకటించిన వీడియోలు చందా ఆగిన తరువాతను క్షేమముగా నుండును. క్రొత్త వీడియోలకు మాత్రము ఆ పాటలను వాడరాదు. ఒక్కొక్క పాటను విడిగా కొనుట రెండవ మార్గము. ఫలానా పాటయే కావలయునని, దాని హక్కుదారులను నేరుగా అడిగి వ్రాతపూర్వకమైన అనుమతి పొందుట మూడవది. సినిమాపాట కావలసినవారికి ఇదియే దారి. ఇందు స్వరసాహిత్యముల హక్కుదారునియొద్దను, ధ్వనిముద్రణపు హక్కుదారునియొద్దను, ఉభయుల యొద్దను అనుమతి కావలెను. ఇది వ్యయప్రయాసములతో కూడినది.

ఇచ్చట "రాయల్టీ ఫ్రీ" అను మాటను గూర్చి ఒక హెచ్చరిక. ఇది ఉచితమని పలువురు భ్రమపడుదురు. ఒకసారి వెల చెల్లించిన పిమ్మట, వాడినప్పుడెల్ల మరల రాయల్టీ కట్టనక్కఱలేదని మాత్రమే దాని యర్థము.

వెలయిచ్చినచో మేలైన రాగము వచ్చునా? రాదు. ఉచిత సంగ్రహములలో చక్కని సంగీతమున్నది. వెలగలవానిలో చప్పనిదియు నున్నది. మనము వెల యిచ్చునది రాగమునకు కాదు, పూచీకి. నాలుగు మాసముల తరువాత ఎవరైన వచ్చి ఇది నాదన్నప్పుడు, మన పక్షమున చూపుటకు ఒక రసీదును, సమాధానము చెప్పుటకు ఒక సంస్థయు నుండును. మేము దించుకొన్న వేణుగానమునకు లేనిది ఇదియే. అయితే ఆ పూచీ ఎంతవఱకో ఒప్పందమునందు చదువక ఊహింపరాదు. అంగడి ప్రకటనలకు ఒక ధర, స్వంత ఛానలుకు వేఱొక ధర యుండుట కలదు.

చెల్లించిన వెల ఎవరికి చేరుచున్నదను ప్రశ్నయు ముఖ్యమే. సినిమాకై వ్రాయించుకొన్న పాటకు నిర్మాతయే మొదటి యజమానుడగునని మన సుప్రీముకోర్టు 1977లో తీర్పు చెప్పినది. దానివలన గీతకర్తలును స్వరకర్తలును పెక్కేండ్లు నష్టపడిరి. 2012లో చట్టము సవరింపబడి, సినిమాహాలులో చిత్రముతోపాటు ప్రదర్శించుట తప్ప ఇతరవిధముల వాడకమునుండి వచ్చు రాయల్టీలో వారికి సమానభాగము స్థిరపడినది. ఆ భాగమును వారు తమ వారసులకును, ఆ రాయల్టీని వసూలుచేయు కాపీరైటు సంఘమునకును తప్ప మఱెవ్వరికిని వ్రాసి యిచ్చుటకు వీలులేదు. 1969లో స్థాపింపబడిన ఐ.పి.ఆర్.ఎస్. అట్టి సంఘము.

సంపాదనకై షార్ట్స్ చేయువారు తెలిసికొనవలసిన లెక్క యొకటి కలదు. 2023 ఫిబ్రవరి 1నుండి యూట్యూబువారు అమలుపఱచిన పద్ధతి ప్రకారము, వీడియోలో పాట లేనిచో దానికి సంబంధించిన ఆదాయమంతయు వీడియోకర్తల నిధికి పోవును. ఒక పాట వాడినచో సగము పాటల లైసెన్సులకు పోవును. రెండు పాటలు వాడినచో మూడింట రెండువంతులు పోవును. నిధిలో తన వంతుకు వచ్చిన దానిలో నూటికి 45 వంతులు వీడియోకర్తకు దక్కును. కాబట్టి ఉచితముగా దొరకిన సినిమాపాటయు నిజముగా ఉచితము కాదు.

5. కొన్ని అపోహలు

పది సెకండ్లకు మించనిచో తప్పులేదని మన తరగతులలో ఒక మాట ప్రచారములో నున్నది. అట్టి నియమము మన చట్టములో లేదు. పాట పేరును గాయకుని పేరును వ్రాసినచో చాలునని మఱికొందఱందురు. బి-వై లైసెన్సు ఉన్నచోట అది చాలును గాని, లైసెన్సు లేనిచోట పేరు చెప్పుట అనుమతితో సమానము కాదు. పొరుగువాని సైకిలును అడుగక తీసికొనిపోయి, ఇది ఫలానావారిదని చీటి అంటించినట్లుండును. డబ్బు సంపాదింపలేదు గావున తప్పులేదనుటయు నిలువదు. సంపాదన లేకుండుట శిక్షను తగ్గింపవచ్చునేమో కాని హక్కును పుట్టింపదు. అందఱు చేయుచున్నారుగదా యనుటకు సమాధానము మీకే తెలియును.

6. ఎంచుకొను విధము

కావున ఉచితమా, వెలగలదా యని మొదట అడుగరాదు. మూడు ప్రశ్నలను వేసికొనవలెను. వీడియో దేనికొఱకు? ఏ యే చోట్ల ఉంచుదుము? ఎంతకాలము ఉండవలెను?

స్నేహితులతో విహారమునకు పోయి చేసిన రీలునకు ఆ చోటనే దొరకు భాండారము చాలును. డబ్బు వెచ్చించుట వ్యర్థము. బడి పేరిట, సంఘము పేరిట ఒకే చోట ఉంచు వీడియోకు ఆ చోటివారి ఉచిత సంగ్రహము చాలును. పలుచోట్ల ఉంచవలసి, పెక్కేండ్లు నిలువవలసి వచ్చినచో బి-వై గాని సి-సి-జీరో గాని గల సంగీతము, లేక హక్కుకాలము తీఱిన కృతిని మనమే పాడుకొనుట తగును. వారమువారము వీడియోలు చేయు అంగడివారికి, సంపాదనకై ఛానలు నడపువారికి చందా కట్టుటయే లాభము. వెదకుటలో పోవు కాలమును, తగవులలో పోవు శాంతిని లెక్కించినచో చందా తక్కువయే యగును.

ఏది యెంచుకొన్నను కాగితములను భద్రపఱుపవలెను. లైసెన్సు చూపు పుటను దించుకొన్న తేదీతో బొమ్మగా తీసి యుంచుకొనుడు. పాట పేరు, కర్త పేరు, దొరకిన చోటు, లైసెన్సు పేరు, ఈ నాలుగింటిని ఒక పుస్తకములో వ్రాయుడు. వెలయిచ్చిన రసీదును పాఱవేయకుడు.

7. పెరటిచెట్టు

ఇవియన్నియు చదువుచున్న కాలమున, మా తరగతివాడొకడు ఒకనాడు మెల్లగా ఒక మాట చెప్పెను. వాని తండ్రి పెండ్లిండ్లలో సన్నాయి వాయించును. ఒక పెండ్లిలో ఆయన వాయించుచుండగా ఎవరో వీడియో తీసి అంతర్జాలమున పెట్టిరట. వేలమంది చూచిరట. అందు ఆయన పేరు లేదు. ఆయనకు ఒక పైసయు రాలేదు. "మన వీడియో మూగబోయినందుకు మనము ఎంతో బాధపడితిమి. మా నాయన సన్నాయిని అడుగక తీసికొన్నప్పుడు ఆయన నెవరును పలుకరింపలేదు" అని వాడనెను. అంతవఱకు మమ్ము మేము నష్టపడినవారముగా తలచుకొనుచుంటిమి. ఆ మాట విన్నపిమ్మట, కోలాటపు వీడియోను పెట్టిన రాత్రి మేము ఏ పక్షమున నుంటిమో బోధపడినది.

పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదను సామెత మాయందు నిజమైయుండెను. స్వీడనుదాక వెదకితిమి గాని మా బల్లపై కూర్చున్నవాని యింటికి పోలేదు. ప్రధానోపాధ్యాయులవారు ఆయనను పిలిపించి, సన్నాయి వాయించుటకు ఏమి పుచ్చుకొందురని అడిగిరి. "బడి పనికి నేను డబ్బు పుచ్చుకొందునా, అయ్యా?" అని ఆయన నొచ్చుకొనెను. "వంటశాల కప్పు వేయు మేస్త్రికి కూలి యిత్తుము గదా. మీ విద్యకు ఇయ్యకుండుట న్యాయమా?" అని వారనిరి. తుదకు ఆయన పెండ్లిలో పుచ్చుకొను దానిలో సగమునకు ఒప్పుకొనెను. ఒక ఆదివారము మధ్యాహ్నమున, ఖాళీ తరగతిగదిలో కిటికీలు మూసి, త్యాగరాజస్వామి కృతి నొకదానిని ఆయన వాయింపగా ఫోనుపైననే ముద్రించితిమి.

అనుమతిపత్రమును మేమే వ్రాసితిమి. లైసెన్సు వ్రాతపూర్వకముగా ఉండవలెనని చట్టము చెప్పుచున్నది. ఎంతకాలమో వ్రాయనిచో 5 సంవత్సరములని యెంచును. ఏ దేశములకో వ్రాయనిచో భారతదేశమునకు మాత్రమేయని యెంచును. మన పూర్వవిద్యార్థులు దుబాయియందును అమెరికాయందును ఉన్నారు గావున "లోకమంతటను, 20 సంవత్సరములు" అని వ్రాసితిమి. వాయించిన వారి పేరు, కృతి పేరు, వీడియో ప్రయోజనము, ఇచ్చిన సొమ్ము వ్రాసి, ఇరుపక్షములవారు సంతకములు చేసిరి. విజ్ఞప్తి చదివిన విద్యార్థినికై ఆమె తల్లియు సంతకము చేసెను. ఆ పత్రము ఇప్పుడు ప్రధానోపాధ్యాయులవారి బీరువాలో నున్నది. సన్నాయి విద్వాంసుని పేరు వీడియోలో మొదటి అక్షరములుగా వచ్చును.

ఇది ఉచిత సంగీతమా, వెలగల సంగీతమా? కృతి ఉచితము, వాయింపునకు వెల యిచ్చితిమి. రెంటికిని అనుమతి మాత్రము మాచేత నున్నది.

సోదర విద్యార్థులారా! అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు. ఇతరుల సంగీతమును అడిగి పుచ్చుకొనుటలో చిన్నతనము లేదు. ఇచ్చువాడు వెల యడిగినచో ఇయ్యుడు, పేరు చెప్పుమన్నచో చెప్పుడు, వలదన్నచో మానుడు. వంటశాల కప్పునకు కావలసిన ద్రవ్యము ఇంకను పూర్తిగా చేరలేదు. కాని ఆ విజ్ఞప్తి నేటికిని మూగవోలేదు. ఏ దేశమున తెఱచినను మొదట సన్నాయియు, పిమ్మట మన బాలిక కంఠమును స్పష్టముగా వినబడుచున్నవి.